తాబేలు వేషం

దిబ్బలపేట, భావనపాడు దగ్గర
డిసెంబర్ 4

మావయ్యకు విశాలి నమస్కారాలు.

గొంతు ఆపరేషన్ అయ్యాక మీకు ఫోన్ చేస్తే అత్తయ్యే మాట్లాడుతుంది. మీరు పక్కన నిలబడి గొంతు దగ్గర గుడ్డ సర్దుకుంటూ ఉంటారని తెలుసు. మీరేమనుకున్నారో మాత్రం తెలియదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. మీరు కార్డు ముక్క పంపినా చాలు.

ఉద్యోగం సంగతి అమ్మ చెప్పే ఉంటుంది. సముద్రపు తాబేళ్ళను కాపాడే సంస్థ ఒకటి నన్ను ఈ చిన్న పల్లెలో పెట్టింది. సంక్రాంతి దాటాక తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకలోకి వస్తాయి. వాటి గురించి బడి పిల్లలకు చెప్పడం, చచ్చినవి కనిపిస్తే పైవాళ్ళకు తెలియజేయడం నా పని. నాటకాలాడే పిల్లకు ఇదేం పని అని అమ్మ బాధ. నాటకాలాడుతుందనే ఇచ్చారని చెప్పినా నమ్మదు.

గంగులు అనే మత్స్యకారుడి ఇంట్లో వీధి వైపు గది తీసుకున్నాను. గంగులు, భార్య దాలమ్మ, తల్లి తాతమ్మ, పన్నెండేళ్ళ కూతురు ఈశ్వరి. పొద్దున్నే చేపల పులుసు వాసనతో లేస్తున్నాను. తాతమ్మ నన్ను చూసి, "ఏటి తల్లీ, సేప తినవా, మరి సముద్దరం ఒడ్డుకి ఎందుకొచ్చినావు, గాలి తినడానికా" అంటుంది.

మొదటి పాఠం చెడిపోయింది. లాప్‌టాప్‌లో తాబేలు బొమ్మలు చూపిస్తుంటే ఒక కుర్రాడు లేచి, "టీచరమ్మా, మాకు తాబేలు సూపిస్తన్నావేటి, అవి మా బోట్ల కిందే తిరుగుతాయి కాదేటి" అన్నాడు. అందరూ నవ్వారు. 'పర్యావరణం' అనే మాట ఆ రోజు నేను ఎన్నిసార్లు అన్నానో సాయంత్రం తెలిసింది. బడి వెనక ఈశ్వరి నా సంచీ భుజాన వేసుకున్నట్టు నటిస్తూ, నా పెదాల తీరుతో సహా ఆ మాట పలికి చూపిస్తోంది. చుట్టూ పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నాకు కోపం రాలేదు. నాకంటే బాగా చేసింది.

బొమ్మలు మూసేద్దామనుకుంటున్నాను. మీరు తూర్పు భాగవతంలో భామ వేషం కట్టి సభలోకి వచ్చే పద్ధతిలో, తాబేలుకు ఒక ప్రవేశం కట్టొచ్చా? పిల్లల చేత ఆడించవచ్చా? మీరు వద్దంటే మానేస్తాను.

విశాలి


శ్రీముఖలింగం
డిసెంబర్ 15

విశాలికి,

కట్టొచ్చు.

నీతి చెప్పకు. తాబేలుకు ఆకలి వేస్తుందని చెప్పు, నడుము నొప్పి అని చెప్పు. మిగతాది వాళ్ళే తెలుసుకుంటారు. వీపుకు వెదురు తట్ట బోర్లించి గోనెపట్టా కుట్టు. బరువుగా ఉండాలి. బరువు లేకపోతే తాబేలులా నడవడం రాదు.

ప్రవేశంలో వేషం తానెవరో తానే చెప్పుకోవాలి. ఏ ఊరు, ఎవరి పిల్ల, ఎందుకొచ్చింది. తరువాత సభకు వదిలెయ్యి. మన భాగవతానికి ప్రాణం అక్కడే ఉంది. ఎవరైనా లేచి అడగవచ్చు. నరసన్నపేట దగ్గర ఒక ఊళ్ళో ఒకడు లేచి, "ఏటే భామా, మొన్న సంతలో బీడీ కాలస్తంటే సూసినాను, నిజమేనా" అన్నాడు. కాల్చిన మాట నిజమే. "కాల్చాను, అగ్గిపుల్ల గీసింది మా కృష్ణుడే" అన్నాను. మద్దెల వాయించేవాడు నవ్వలేక వాయించలేక ఆగిపోయాడు.

నియమం ఒకటే. ముఖాన రంగు ఉన్నంతసేపు వేషగాడు అబద్ధం ఆడకూడదు. ఎవరేమడిగినా జవాబు చెప్పాలి, నిజం చెప్పాలి, వేషం విడవకుండా చెప్పాలి. రంగు కడుక్కున్నాక నీ ఇష్టం. మా గురువు నాకు ముందు చెప్పింది ఇది, అడుగులు తరువాత. పిల్లలకు కూడా ముందు ఇదే చెప్పు. భయం లేకుండా నిలబడతారు.

నిన్ను వెక్కిరించిన పిల్లకు వేషం ఇవ్వు.

త్యాగరాజు


దిబ్బలపేట
జనవరి 22

మావయ్యకు,

మీరు చెప్పినట్టే చేశాను. తట్ట తాతమ్మదే. "సేపలు మోసిన తట్ట, ఇప్పుడు నా మనవరాలిని మోస్తాదా" అంటూనే ఇచ్చింది.

కథ ఇలా కట్టాను. తాబేలమ్మ ఈ ఇసుకలోనే పుట్టింది. పుట్టిన వెంటనే సముద్రానికి కాపురానికి వెళ్ళిపోయింది. ఏళ్ళ తరవాత నిండు చూలాలై పురుటికి పుట్టింటికి వస్తోంది. వస్తూ చూస్తే పుట్టింటి గుమ్మంలో ప్లాస్టిక్ సంచులు, వీధి దీపాల వెలుగు, కుక్కలు. ఎవరూ కాళ్ళకు నీళ్ళివ్వరు. ఇంతే కథ. మొదటిసారి చదివి వినిపించగానే దాలమ్మ లోపలికెళ్ళి ముక్కు చీదుకుంది. బడిలో పిల్లలు ఆ రోజే ఒడ్డు మీద సంచులు ఏరడం మొదలుపెట్టారు. నేను చెప్పలేదు. పుట్టిల్లు ఊడ్చాలి కదా అన్నారు.

ఈశ్వరి గురించి ఏం రాయను. తట్ట కింద అది నడుస్తుంటే నాకు మోకాళ్ళు నొప్పి పుట్టాయి. మీ నియమం చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "రంగు కడగకుండా ఇంటికెల్తే మాయమ్మ అడిగినాదానికి కూడా నిజమే సెప్పాలేటి" అంది. చెప్పాలన్నాను. అప్పటి నుంచి రిహార్సల్ అవగానే ముందు ముఖం కడుక్కుంటోంది.

ఇంకో సంగతి. ఇది మీకే.

మొన్న తెల్లారి గంగులు బోటు ఒడ్డుకొచ్చేసరికి వలలో ఒక పెద్ద తాబేలు చనిపోయి ఉంది. అవి గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. వలలో చిక్కితే రాలేవు. పెద్ద బోట్లవాళ్ళయితే అక్కడే నీళ్ళలోకి విసిరేస్తారు. ఇక్కడ అలా చేయరు. ఎవరి వలలో పోతే వాళ్ళు ఒడ్డుకు తేవాలి, ఆడకూతురికి చేసినట్టు అన్నీ చేయాలి. తాతమ్మ పసుపు నూరింది. ఈశ్వరి నీళ్ళు పోసింది. డిప్పకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త తువ్వాలు కప్పి, ఊరి అవతల సరుగుడు తోటలో పాతిపెట్టారు. ఆ రోజు గంగులు వల ముట్టలేదు. అతని బోటులో పనిచేసే ధర్మేంద్ర కూడా ఇంట్లోనే ఉన్నాడు.

చచ్చిన తాబేలు కనిపిస్తే పైకి రాయడం నా పని. రాయలేదు. రాస్తే గంగులు మీద వన్యప్రాణుల కేసు పెడతారు, పెద్ద శిక్షలున్నాయి. గంగులు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "టీచరమ్మా, మీవోల్లకి సెప్తావేటి" అన్నాడు. చెప్పనన్నాను. "సెప్పినా తప్పు నాదేలే. కావాలని పట్టనేదు గాని, వల నాదే కదా" అని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరిలో అధికారుల ముందు మా ప్రదర్శన. మీరు వచ్చి చూస్తే బాగుండును.

విశాలి


శ్రీముఖలింగం
ఫిబ్రవరి 6

విశాలికి,

మళ్ళీ విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్ళి వచ్చాను. అందుకు ఆలస్యం. నా సంగతి వదిలెయ్యి. అంత దూరం కూర్చుని ప్రయాణం చేయలేను.

తాబేలుకు వాళ్ళు చేసినది మంచి పని. నువ్వు రాయకపోవడం గురించి నేను ఏమీ అనను.

ఒక మాట. నీళ్ళు పోసినది ఈ వేషం కట్టే పిల్లే అని రాశావు. సభలో పెద్దవాళ్ళు ఏమడుగుతారో తెలియదు. ముందుగా నువ్వే రకరకాల ప్రశ్నలు వేసి చూడు. ఏ ప్రశ్నకు ఏం చెబుతుందో విను. వినకుండా సభలోకి పంపకు.

త్యాగరాజు


దిబ్బలపేట
ఫిబ్రవరి 18

మావయ్యకు,

మీ ఉత్తరం ప్రదర్శన అయిన మర్నాడు అందింది.

ప్రదర్శన బాగా జరిగింది. జనం చాలామంది వచ్చారు. ప్రవేశానికి చప్పట్లు కొట్టారు. సంస్థవాళ్ళు ఫోటోలు తీసుకున్నారు.

ఇక్కడ కొంచెం పనులున్నాయి. తీరిగ్గా రాస్తాను. మీరు మందులు మానకండి.

విశాలి


శ్రీముఖలింగం
ఫిబ్రవరి 25

విశాలికి,

టీ కొట్టు దగ్గర పేపరు చూశాను. తవ్విన గొయ్యి బొమ్మ వేశారు. పసుపు రాసిన డిప్ప. పక్కన గంగులు, చేతిలో పలుగు.

నీ ఉత్తరంలో గంగులు పేరు లేదు. ఈశ్వరి పేరు లేదు. నీ ఉత్తరాల్లో ఆ పిల్ల పేరు లేనిది ఇదే మొదటిది. అది చూసినప్పుడే ఏదో జరిగిందనుకున్నాను.

జరిగింది జరిగినట్టు రాయి. ఆలస్యమైనా పరవాలేదు.

త్యాగరాజు


దిబ్బలపేట
మార్చి 10

మావయ్యకు,

రాస్తాను.

బడి ముందు షామియానా వేశారు. ముందు వరసలో జగన్నాధం గారని అటవీ శాఖ పెద్ద అధికారి, ఆయన పక్కన మా సంస్థవాళ్ళు, ఇద్దరు విలేకరులు. ఈశ్వరి ముఖానికి నేనే అర్దళం రంగు రాశాను, పసుపుపచ్చగా. తట్ట ఎత్తుకుని తెర వెనక నుంచి వచ్చింది. తానెవరో చెప్పుకుంది. ఊరంతా కదలకుండా చూశారు.

అప్పుడు నేను లేచి, గర్వంగా, మీ నియమం చెప్పాను. తాబేలమ్మను ఎవరైనా ప్రశ్న అడగవచ్చు, ముఖాన రంగు ఉన్నంతసేపు తాబేలమ్మ అబద్ధం ఆడదు అన్నాను. ముందు పిల్లలు అడిగారు. "తాబేలమ్మా, నీకు మనువైనాదా?" "అయినాది. మొగున్ని సముద్దరంలోనే ఒగ్గేసినాను, ఆడికి ఈత తప్ప ఏ పనీ రాదు." ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. జగన్నాధం గారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మంచి మనిషి. ఆయనకు కూడా సరదా పుట్టింది. "తాబేలమ్మా, ఈ ఊరివాళ్ళు నిన్ను బాగా చూసుకుంటున్నారా తల్లీ" అని అడిగారు.

ఈశ్వరి తల ఎత్తింది. "సూసుకుంటారు బాబూ. మా అప్ప మా అయ్య వల్లో పడి సచ్చిపోతే ఒగ్గీలేదు. పసుపు రాసి, కొత్త తువ్వాలు కప్పి, సరుగుడు తోటలో పాతిపెట్టినారు. నానే నీల్లు పోసినాను" అంది.

ఊరిని పొగడడానికే చెప్పింది మావయ్యా. ఆ గొంతులో ఎంత గొప్ప ఉందో మీరు విని ఉంటే తెలిసేది.

జగన్నాధం గారి నవ్వు ముఖం మీద అలాగే ఉంది గాని కళ్ళలో లేదు. ఒక విలేకరి ఫోన్ పైకెత్తాడు. ఇంతమంది ముందు విన్నాక ఆయన విననట్టు ఉండలేరు. నా వైపు తిరిగి, "మీకు తెలుసా టీచరుగారూ" అన్నారు.

తెలియదండీ అన్నాను.

ఈశ్వరి తట్ట కింద నుంచి నన్ను చూసింది. ఇంతకన్నా రాయలేను.

గంగులు తానే ముందుకొచ్చాడు. పదండి బాబూ అని తోటకు తీసుకెళ్ళి తానే తవ్వాడు. తువ్వాలు ఇంకా పాడవలేదు. ఎక్కడో నీళ్ళలోకి విసిరేసిన వాళ్ళ మీద ఏ కేసూ లేదు. పాతిపెట్టాడు కనుక గొయ్యి దొరికింది, గొయ్యి దొరికింది కనుక మనిషి దొరికాడు. బోటు, వల పట్టుకున్నారు. అతన్ని రిమాండుకు పంపారు. బెయిల్ ఒకసారి అడిగితే రాలేదు.

నా గదిలోనే ఉన్నాను. పొమ్మని ఎవరూ అనలేదు. తాతమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని అంది. "గది ఇచ్చినాం. నీళ్ళు తోడి ఇచ్చినాం. నా మనవరాలి నోరు తెరిసి నీ నోరు మూసుకున్నావేటే తల్లీ." అరవలేదు. కూరగాయల ధర అడిగినట్టు అడిగింది.

బడిలో పిల్లలు ఈశ్వరిని 'ఫారెస్టు గుంట' అంటున్నారు, ఫారెస్టువాళ్ళ పిల్ల అని. పక్కన ఎవరూ కూర్చోరు. ఒడ్డున సంచులు ఏరడం ఆగిపోయింది. మొన్న ధర్మేంద్ర నన్ను ఆపి, "ఇంక ఒడ్డుకి తేం టీచరమ్మా. వల్లో పోతే రాయి కట్టి ఒగ్గేత్తన్నాం. పసుపూ లేదు, గొయ్యీ లేదు. సున్నా అని రాసుకో" అన్నాడు. నేను సున్నా అనే రాశాను. ఈ ఒడ్డున చచ్చిన తాబేలు ఒక్కటీ లేదని, పిల్లల ప్రదర్శన వల్లే ఇంత మార్పు వచ్చిందని సంస్థవాళ్ళు మెచ్చుకుంటూ రాశారు.

ఇప్పుడు అసలు సంగతి. లాయరు చెప్పేది ఏమిటంటే, తాబేలు గంగులు వలలోనే చనిపోయిందనడానికి ఈశ్వరి మాట తప్ప సాక్ష్యం లేదు. గంగులు చెప్పింది గొయ్యి చోటు మాత్రమే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన దాన్ని పాతిపెట్టామని ఊరంతా చెబుతారు. జగన్నాధం గారు మరోసారి వచ్చి పిల్ల వాంగ్మూలం తీసుకుంటారట. అది నాటకంలో మాట, టీచరు రాసిచ్చింది, నేను బట్టీ పట్టాను అని చెబితే బెయిల్ వస్తుంది, కేసు కూడా నిలవదు. రాసిచ్చానని చెప్పడానికి నేను సిద్ధమే. ఉద్యోగం పోతే పోయింది. కానీ పిల్ల కూడా అదే చెప్పాలి.

ఈశ్వరి చెప్పనంటోంది. "నిజమే కదా సెప్పినాను. టీచరమ్మే సెప్పమన్నాది" అంటుంది. తండ్రి రావద్దా అంటే రావాలంటుంది. మళ్ళీ అదే మాట.

నిన్న దాలమ్మ నా గదిలోకి వచ్చింది. "అది నీ మాటే ఇంటాది. నీకు నేర్పడం వస్తాది కదా. ఇది కూడా నువ్వే నేర్పు" అంది.

నేర్పనా మావయ్యా?

విశాలి


శ్రీముఖలింగం
మార్చి 30

విశాలికి,

రాసి చింపాను. మళ్ళీ రాశాను.

నువ్వు తెలియదని ఎందుకన్నావో నేను అడగను. నీ మీద కోపం లేదు.

ఆ నియమం నీకు రాసి పంపింది నేను. రాత్రంతా ఆడి, తెల్లారి రంగు కడుక్కుని ఎవరి ఊరికి వాళ్ళు పోయే మనుషుల నియమం అది. మా వేషగాళ్ళలో ఎవరూ ఆడే ఊరివాళ్ళు కారు. నీ పిల్ల తన ఊళ్ళో, తన తండ్రి ముందు, తన ముఖానికే రంగు వేసుకుని నిలబడింది. ఈ తేడా నాకు తట్టలేదు. పెద్దవాణ్ణి, తట్టవలసింది.

నేర్పకపోతే తండ్రి లోపల ఉంటాడు. ఇది తెలిసిన సంగతి. నేర్పితే పిల్ల ఏమవుతుందో తెలియదు. తెలియని దాన్ని చూపించి, తెలిసిన కష్టాన్ని అలాగే ఉంచమని నేను చెప్పలేను.

నేర్పు. సగం నేర్పకు. సగం వచ్చిన అబద్ధం పట్టుబడుతుంది, తండ్రీ బిడ్డా ఇద్దరూ పోతారు. నీకు వచ్చినదంతా నేర్పు.

పాపం ఏమైనా ఉంటే నీదీ నాదీ. పిల్లది కాదు. అది పిల్లకు చెప్పు.

వాంగ్మూలం రోజు నువ్వు అక్కడ ఉండకు. నీ ముఖం చూసి పిల్ల ఆగిపోతుంది. నేను వెళ్ళి కూర్చుంటాను. బస్సులో కూర్చోగలను.

త్యాగరాజు


దిబ్బలపేట
ఏప్రిల్ 21

మావయ్యకు,

నేర్పాను.

బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి. వేసవి చేపలవేట నిషేధం మొదలైంది. మగవాళ్ళు వలలు కుట్టుకుంటూ మమ్మల్ని చూస్తున్నారు. బడి వదిలాక తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాం.

"ఆ తాబేలు సచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చినాది బాబూ." మొదట్లో పాఠం అప్పజెప్పినట్టు అంది. కళ్ళు నేల మీద. నేలను చూడకు, అబద్ధం ఆడేవాళ్ళే నేలను చూస్తారు, ఆయన చొక్కా గుండీ చూడు అన్నాను. అన్నీ గబగబా చెప్పేయకు, ఒకచోట గుర్తు రానట్టు ఆగు అన్నాను. ఎక్కడ ఆగాలి అంది. చెప్పాను. తాబేలు నడక నేర్పినప్పుడు ఎన్ని రోజులు పట్టిందో దానిలో సగం పట్టలేదు.

రెండో రోజు నన్ను అడిగింది. "దీనికి రంగు రాయవా?"

అక్కర్లేదన్నాను.

"మరి ఎప్పుడు కడుక్కోవడం?"

ఏదో ఒకటి చెప్పాలి కదా. నాన్న ఇంటికొచ్చాక అన్నాను. తల ఊపింది. పాపం నీది కాదు, నాదీ మా మావయ్యదీ అని మీరు చెప్పమన్నది చెప్పాను. "మీ మావయ్యకేటి సంబందం" అని, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

సభలో ఈశ్వరి అన్న మాట నేనే రాసిచ్చానని జగన్నాధం గారి దగ్గరకు వెళ్ళి సంతకం పెట్టి వచ్చాను. ఆయన చదివి, నన్ను ఒకసారి చూసి కాగితం మడతపెట్టుకున్నారు. మత్స్యకారుల మీద లేనిపోని నింద వేశానని సంస్థ నన్ను తీసేసింది. రేపు విజయనగరం అమ్మ దగ్గరకు పోతున్నాను. గది తాళం తాతమ్మకు ఇచ్చాను. మీరొస్తారని, మాట్లాడలేరని చెప్పాను. "మంచిదే. మాటాడేవోల్లని సూసినాం కదా" అంది.

ఈశ్వరి బడిలో ఉండగా బయలుదేరతాను.

విశాలి


దిబ్బలపేట
మే 11

విశాలికి,

నీ గదిలోనే ఉన్నాను. కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఆరోగ్యం పరవాలేదు.

బడి వరండాలో వాంగ్మూలం తీసుకున్నారు. తాతమ్మ పక్కన నన్ను కూర్చోబెట్టారు. ఎవరో ఈయన ఎవరని అడిగితే, "టీచరమ్మ మావ. సచ్చినా మాటాడడు, బయపడకండి" అంది. మనిషి నోరు కత్తి గాని, పొద్దున్న నాకు గంజి వార్చి చల్లార్చి ఇచ్చింది.

పిల్లను పిలిచారు. గౌను ఉతికి తొడిగారు. వచ్చి నిలబడింది. వెంటనే మొదలుపెట్టలేదు. వరండాలో మాటలు సద్దుమణిగే దాకా ఆగింది. ఇది నువ్వు నేర్పావో లేదో నాకు తెలియదు. నాకు ఆ ఆగడం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తరువాత చెప్పింది. టీచరమ్మ రాసిచ్చిందని, బట్టీ పట్టానని, తాబేలు చచ్చి కొట్టుకొచ్చిందని. ఒకచోట ఆగి నుదురు గోక్కుంది. అధికారి, "మరి ఆ రోజు అంత గట్టిగా ఎలా చెప్పావమ్మా" అని అడిగాడు. అది నువ్వు నేర్పిన ప్రశ్న కాదనుకుంటాను. పిల్ల చిన్నగా నవ్వి, "బాగా సెప్తే పెన్ను ఇస్తానన్నాది" అంది. వరండా అంతా నవ్వింది. అధికారి కూడా నవ్వి రాసుకున్నాడు. నువ్వు పెన్ను ఇస్తానన్నావా? అనలేదనే నా నమ్మకం. ఆ మాట పిల్లే అప్పటికప్పుడు పుట్టించింది.

ఎక్కడా తొట్రుపడలేదు. నీకు చెప్పాలి కనుక చెబుతున్నాను. నేను చూసిన వేషగాళ్ళలో ఇంత శుద్ధంగా చేసిన వాళ్ళు ఇద్దరో ముగ్గురో.

ఆ సాయంత్రం పిల్లలు వచ్చి ఆమెను ఆటకు పిలుచుకుపోయారు. దాలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. మర్నాడు నూనె గిన్నె ఒలికితే ఎవరు ఒలికించారని దాలమ్మ అడిగింది. పిల్లి అంది ఈశ్వరి. నేను గదిలోంచి చూశాను, పిల్లి కాదు. దాలమ్మ పిల్ల ముఖం చూసి, పిల్లి పనే అయ్యుంటాదని తుడుచుకుంది.

బెయిల్ వచ్చింది. నిన్న మధ్యాహ్నం గంగులు వచ్చాడు. ధర్మేంద్ర ఆటోలో తీసుకొచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. ఊరు ఊరంతా వీధిలో నిలబడింది. దాలమ్మ కాళ్ళకు నీళ్ళు ఇచ్చింది. తాతమ్మ, "బోటు ఎప్పుడిస్తారంటరా" అని ముందు అదే అడిగింది.

ఈశ్వరి లోపలి నుంచి వచ్చింది. గుమ్మంలో ఆగింది. అందరి తలలూ అటు తిరిగాయి. అప్పుడు పరుగున వెళ్ళి తండ్రి నడుము పట్టుకుని ఏడ్చింది. ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. ఆడవాళ్ళు పైట కొంగులు కళ్ళకు పెట్టుకున్నారు. "అయ్యంటే ఎంత పేనమో సూడండే" అన్నారు.

నేను చిన్నప్పటి నుంచి వేషం కట్టాను, కట్టినవాళ్ళతో బతికాను. ఏది ఏడుపో, ఏది వేషమో చూసి చెప్పగలను. దానికి గొంతు అక్కర్లేదు. నిన్న ఆ పిల్లను అంత దగ్గర నుంచి చూసి చెప్పలేకపోయాను.

గంగులు ముఖం చూశాను. అతను బిడ్డ తల మీద పెట్టడానికి చెయ్యి ఎత్తాడు. ఎత్తి, ఒంగి, ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

త్యాగరాజు